కొరియా సారుకు లెక్క నేర్పినోడు

పెనుకొండ నుంచి ఎర్రమంచికి పోయే దారిలో లక్ష్మీనరసమ్మ టీ అంగడి ముందర రెండు బెంచీలుంటాయి. ఆ సాయంత్రం రెండూ నిండిపోయినాయి. కుళ్ళాయప్ప మాత్రం కూర్చోలేదు. కూర్చుంటే చేతులు ఊపేదానికి కుదరదు.

అతనికి యాభై రెండేళ్ళు. కార్ల ఫ్యాక్టరీ కొరియా సార్ల కోసం ఎవరో ప్రైవేటువాళ్ళు పెట్టిన గోల్ఫు గ్రౌండులో పని. సార్లు వరసగా నిలబడి కర్రతో బంతులు కొడతారు. కుళ్ళాయప్ప, గంగాదేవి అనే ఇంకొకామె, ఆ బంతుల్ని బుట్టలకెత్తి తెస్తారు. ఉన్న పని అంతే. అయినా అంగడి దగ్గరికొస్తే కుళ్ళాయప్ప బంతులేరేవాడిలాగా ఏ రోజూ మాట్లాడలేదు.

"చోయ్ సారని ఒకాయన ఉండాడులేప్పా," అని మొదలుపెట్టాడు. "ఆయన కర్ర ఊపినాడంటే ఒక బంతి కుడి పక్క కంచెకు పోతాది, ఇంకోటి ఎడం పక్క కానుగ చెట్లలోకి పోతాది, ఇంకోటి ఆయన కాళ్ళకాడే పడి ఆయన మొహమే చూస్తాంటాది. మూడు నెల్లు చూసినా. నాకే పాపమనిపించె. దగ్గరికి పోయి చెప్పినా. సార్, మీరు కర్రను ఒకసారి నిదానంగా ఎత్తుతారు, ఒకసారి బస్సు పోతాందన్నట్ల ఎత్తుతారు, అందుకే బంతి నిలకడగా పోవడంలే. లోపల లెక్క పెట్టుకోండి. ఒకటీ అని ఎత్తండి, రెండూ అని దించండి. ఎన్నిసార్లు కొట్టినా అదే లెక్క."

"ఏ భాషలో చెప్పినావప్పా?" అన్నాడు ఆటో తోలే హనుమంతు.

"చేతుల్తో చెప్పినా! ఊపుకు భాషెందుకప్పా?"

అందరూ నవ్వారు. కుళ్ళాయప్పకు ఒళ్ళు తేలికైంది. కానీ ఆ 'ఒకటీ, రెండూ' అన్నప్పుడు మాత్రం నాలుక మీద ఏదో చేదు తగిలింది. తన కథలో నిజమైన మాట అదొక్కటే. అది తనది కాదు. ఆ మాట మీద నిలబడకుండా గబగబా ముందుకు పోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు కళ్ళు మూసుకున్నాడు, ఒకటీ అన్నాడు, రెండూ అన్నాడు, బంతి పోయి గ్రౌండు కొసన వలకు తగిలె. రెండోది పోయి ఆ మొదటిదానికే తగిలె. పది కొట్టినాడు, పదీ కుండల దొంతి మాదిరి ఒకదాని మీదొకటి కూర్చునె. నేను ఎత్తుకొచ్చేకి నిచ్చెన వేసుకోవాల్సొచ్చె."

"నిచ్చెనా?" అంది లక్ష్మీనరసమ్మ, టీ వడగడుతూ.

"నిచ్చెనేమ్మా! ఆ తర్వాత పదకొండోది. అది వల దాటె, రోడ్డు దాటె, పెనుకొండ కొండ మీద కోట గోడ దాటె. ముదిగుబ్బ కాడ గొర్రెలు మేపే ఆయన వడగండ్లు పడతాండాయని గొంగడి కప్పుకున్నాడంట! పన్నెండోది ఇటు తిరిగి లేపాక్షి బసవన్న వీపు మీద టప్పుమని పడి, ఆ ఊపుకు మళ్ల లేచి, పోతాండే రైల్లో ఒక కిటికీలో దూరి ఇంకో కిటికీలో బయటికొచ్చి, సారు కాళ్ళకాడికే వచ్చి నిలబడె. కొరియా నుంచి పెద్ద సారు ఫోను. ఎవరా కుళ్ళాయప్ప, విమానం పంపిస్తాం, ఈడికి పంపించండి అని! నేనే పోలేదు. పసరాలకు మేత ఎవరేస్తారు?"

నవ్వులకు బెంచీ ఊగింది. కోత ఎంత పెద్దదైతే దాని కిందున్న దొంగతనం అంత కనపడదని కుళ్ళాయప్ప ఆశ. ఎందుకంటే ఆ రోజు పొద్దున నిజంగానే ఒకటి జరిగింది. చోయ్ సారు మేనేజరు నరేష్‌ను వెంటబెట్టుకొచ్చి, ఆ లెక్క ముందు తట్టిందెవరికని అడిగించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ పక్కన నిలబడి చూసే పనికి అలాంటి కన్నున్న మనిషి కావాలన్నాడు. గంగాదేవి అప్పుడు గ్రౌండు ఆ కొసన వంగి బంతులేరుతూ ఉంది. కుళ్ళాయప్ప ఆమె వైపు ఒకసారి చూసి, "నేనే సార్," అన్నాడు.

"అది సరే గానీ," అన్నాడు జయచంద్ర. అతనిది ధర్మవరం, ఫ్యాక్టరీలో పనికొచ్చి ఏడాదైంది. "ఈ లెక్క నీకెట్ల తట్టెనప్పా?"

"మగ్గం మీదనుంచి," అనేశాడు కుళ్ళాయప్ప. గంగాదేవి తనకు చెప్పిన మాటే నోటికొచ్చేసింది. "దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా వేస్తే బట్ట ఒకచోట దిట్టంగా, ఒకచోట పల్చగా వస్తాది. చేతికి లెక్క ఉండల్ల. ఇరవై ఏండ్లు నేసినాలే, ఆ చెయ్యి యాడికి పోతాది?"

"మీ ఇంట్లో అందరూ శెనక్కాయ సేద్యమే కదప్పా?" అన్నాడు హనుమంతు.

"అది వేరే, ఇది వేరే."

జయచంద్ర గ్లాసు కింద పెట్టాడు. "మా నాయన ఇప్పటికీ నేస్తాండాడు. నేను పుట్టింది మగ్గం పక్కన. ఒకటి చెప్పప్పా, నేసేటప్పుడు కాళ్ళు యాడ పెడతారు?"

కుళ్ళాయప్ప తన కాళ్ళవైపు చూసుకున్నాడు. "యాడ పెడతారు... పీట మీద."

ఎవరూ నవ్వలేదు.

"మగ్గం కింద తవ్విన గుంతలో పెడతారన్నా," అని వెనకనుంచి వినపడింది.

ఆఫీసుకు టీ కోసం ఫ్లాస్కు తీసుకొచ్చి గంగాదేవి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. పెళ్ళయ్యేదాకా ధర్మవరంలో నేసిన మనిషి. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

"సారుతో మాట్లాడేకి సిగ్గయి నీతో చెప్పి పంపిస్తి," అంది. "కుదిరిందా అన్నా అని వారమంతా అడిగితి. లేదమ్మా, అదంతా పనికిరాని మాటని సారు నవ్వినాడంటివి. నేను ఇంటికి పోయి, తెలియనిదాంట్లో నోరెందుకు పెట్టినానబ్బా అని నాలో నేనే ఏడుస్తి."

కుళ్ళాయప్ప తలెత్తలేదు. చెవులు మండుతున్నాయి. రోజూ తన మాటలకు నవ్వే మనుషులు, ఇప్పుడు తనవైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నారు.

జేబులోంచి ఫోను తీశాడు. స్పీకరు పెట్టాడు.

"నరేష్ సారూ, నేను కుళ్ళాయప్ప. పొద్దున అబద్ధం చెప్పినా. ఆ లెక్క నాది కాదు. గంగాదేవమ్మది."

అవతలనుంచి నరేష్ గొంతు వినపడింది. "మరి పొద్దున నేనే అంటివే?"

"అంటి సార్. ఆయమ్మ దూరంగా ఉండె. అంటి."

"సరే. రేపు ఆమెను రమ్మను. నీ సంగతి సారుతో మాట్లాడి చెప్తా."

ఫోను ఆగిపోయింది. లక్ష్మీనరసమ్మ ఫ్లాస్కు నింపి మూత బిగించి గంగాదేవి చేతికిచ్చింది. "తప్పయిందమ్మా," అన్నాడు కుళ్ళాయప్ప, నేలవైపు చూస్తూనే.

"ఫోను చేస్తివి, సరే," అంది గంగాదేవి. "ఆ వారం రోజులు నాకెవరిస్తారన్నా?"

ఆమె రోడ్డెక్కి నాలుగడుగులు పోయి, తిరగకుండానే అంది.

"రేపు ఆరుకంతా రా. నేను సార్ల పక్కన నిలబడితే, ఆ కానుగ చెట్లకింది బంతులన్నీ నువ్వొక్కడివే ఏరల్ల."