ఫొటోలోని తుపాకీ

మొయినాబాద్‌లో సైనికుల చిన్న బొమ్మలు చేసే శిల్పి దగ్గరికి ముడిమ్యాల నుంచి ఒకామె వచ్చింది. మంచుకొండల్లో చనిపోయిన ఆమె భర్త బొమ్మ తయారైంది. బెత్తెడంత ఉన్న ఆ బొమ్మను శిల్పి ఆమె చేతికిచ్చాడు.

"ముఖం అచ్చం ఆయనదే అన్న. కానీ తుపాకీ ఎందుకు పెట్టిండ్రు?"

"నువ్విచ్చిన ఫొటోల ఉన్నది గద చెల్లె. కోటు, బూట్లు, తుపాకీ, అన్నీ చూసుకుంట చేసిన. ఒక్క గుండీ కూడ తప్పు పోలే."

"ఫొటో కోసం దోస్తుది పట్టుకున్నడు. ఆయన మిలిటరీల వంట చేస్తుండె."

శిల్పి బొమ్మలోని తుపాకీ వైపు చూశాడు. నెలంతా ఆ తుపాకీని ఎంత శ్రద్ధగా చెక్కాడో ఆయనకే తెలుసు.

"ఊర్ల ఫ్లెక్సీ మీద గూడ తుపాకీతోనే ఉన్నడు గద?"

"ఊరోళ్లకు గట్లనే ఉండనీ. పైన కాపలా ఉన్నోళ్లకు చాయ్ తీస్కపోతుంటే మంచు విరిగి మీద పడ్డది. గా ముచ్చట ఎవ్వరు చెప్పరు. మా ఇంట్లనన్న నా మనిషి నా మనిషి లెక్క ఉండాలె."

శిల్పి బొమ్మను తిరిగి తీసుకున్నాడు. సన్నటి కత్తితో తుపాకీని కోసి తీసేశాడు. ఖాళీ అయిన బొమ్మ చేతుల్ని వేలితో తడిమాడు.

"చేతిల చాయ్ కెటిల్ పెడతా. ఎట్లుండె అది?"

"నేనెన్నడు చూడలే అన్న. పైకి చేరేసరికి చాయ్ సల్లారిపోతున్నదని ఫోన్ల బాధపడుతుండె." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మూత జర గట్టిగ పెట్టుండ్రి."