పింగాణీ దూది

పొద్దున్న తొమ్మిది గంటలకి, పరిశోధనశాల కొలిమి గదిలో, పింగాణీతో దూదిలాంటి సన్నటి దారాలు తీసే అమ్మాయి, వాటిని కొలిమిలో కాల్చే పెద్దాయన.

“గిన్నె గిన్నే కదమ్మా. ఎందులో కాలిస్తే ఏం?”

“ఎందులో కాల్చావో కాగితం మీద ఉండాలి బాబాయ్. నీ మాటగా నేనే రాశాను. ఏడో నమూనాని కొత్త గిన్నెలో కాల్చాను అని. కింద సంతకం పెట్టు.”

“కొత్త గిన్నె…”

“ఏం?”

“అది ఆ రోజే పగిలింది. చెప్పాగా.”

“చెప్పలేదు.”

“చెప్పలేదా? చెబుదామనే అనుకున్నాను. నువ్వేమో ఆ దూది పట్టుకుని గంతులు. విషపు గాలి మొత్తం విరిగిపోయింది బాబాయ్, మూడేళ్ల కష్టం బాబాయ్ అంటూ. ఇంక నోరు రాలేదు.”

“మరి ఎందులో కాల్చావు?”

“పక్క గదివాళ్ల దాంట్లో. ఇసుక పెట్టి తోమాను.”

“వాళ్లు ప్లాటినం కాల్చే గిన్నెలోనా!”

“తోమాను తల్లీ…”

“తోమితే పోతుందా? గోడల్లోకి ఇంకిపోతుంది. గాలిని విరిచింది నా దూది కాదు, దానికంటుకున్న ప్లాటినం. అందుకే తర్వాత చేసినవన్నీ…”

“అన్నీ?”

“ఏం లేదు. సంతకం పెట్టు.”

“అవి పని చెయ్యలేదా? ఫ్యాక్టరీలో విషపు గాలి విరవడానికి పంపినవి అవేగా! నాకు చెప్పలేదే.”

“గిన్నె సంగతి నువ్వు చెప్పావా?”

“నేను మర్చిపోయాను. నువ్వు దాచావు.”

“దాచలేదు. ఎవరికీ చూపించలేదు, అంతే.”

“రెంటికీ తేడా పెద్ద చదువుల్లో ఉంటుందేమోలే.”

“ఎగతాళి చాలు బాబాయ్. పదింటికి పెద్ద సారు వస్తారు. ఏడోది నిజమని కాగితం చూపిస్తే మిగతావి అడగరు. రెండు నెలల్లో అసలైంది చేసి మార్చేస్తాను.”

“ఈలోగా అక్కడి మనుషులు ఆ గాలే పీల్చాలి. వాసన కూడా ఉండదన్నావు.”

“ముసుగులుంటాయి వాళ్లకి. మహా అయితే తలనొప్పి. నిజం చెబితే నీ ఉద్యోగం, నా చదువు రెండూ ఈ కొలిమిలోకే. ఇదిగో కలం.”

“పెడతాను. ముందు నీ ఫోనివ్వు.”

“ఎవరికి?”

“మా చిన్నదానికి. పోయిన వారమే అక్కడ పనిలో చేరింది. ఏడింటికే లోపలికెళ్లి ఉంటుంది.”

“ఆ గాలి వచ్చే గదిలోనా? … ముసుగుంటుంది బాబాయ్. ఏం కాదు.”

“ముసుగు మా ఇంటి గుమ్మం దగ్గర మేకుకి తగిలించి వెళ్లిపోయిందమ్మా. అక్క చేసిన దూది పెట్టారుగా నాన్నా, ఇంక ఇదెందుకూ అంది.”