హెచ్చరించిన గొంతు: శ్రీమతి ఝాన్సీలక్ష్మి గారి పదవీ విరమణ సందర్భంగా

1990 జూన్ పద్దెనిమిదవ తేదీన శ్రీమతి ఝాన్సీలక్ష్మి గారు ఒడిశాలో రాయగడ దగ్గరున్న జేకేపూర్‌లోని మన కార్మికుల పొదుపు సంఘంలో గుమాస్తాగా చేరారు. ఉదయాన్నే తాళం తీయాలి, సభ్యుల అర్జీలు ఒడియాలో రాసిపెట్టాలి, రాయగడ వెళ్లి స్టాంపులు తేవాలి, చదువురాని వారికి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించాలి. ఈ చివరి పనే వారి జీవితకాలపు బాధ్యత అవుతుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు.

మోసం మొదట లాటరీ ఉత్తరంగా వచ్చింది. కంప్యూటర్లు వచ్చాక అదే ఉత్తరం ఈమెయిల్ అయింది. ఇంగ్లీషులో తప్పులుంటే నమ్మవద్దని వారు బోధించారు. కొన్నేళ్లకు ఆ తప్పులు మాయమయ్యాయి. తర్వాత కార్డు ఆగిపోయిందనే ఫోన్లు, కరెంటు కోస్తామనే సందేశాలు, నొక్కగానే ఖాతా ఊడ్చేసే పెళ్లి శుభలేఖలు, వీడియోలో పోలీసు దుస్తులతో బెదిరించేవాళ్లు. ప్రతిదానికీ వారు ఒక పాఠం సిద్ధం చేశారు. సభ్యులు దాన్ని వంటపట్టించుకునేలోపే అది పనికిరాకుండా పోయేది.

ఒకసారి అలాంటి ఫోను, హిందీలో, వారికే వచ్చింది. కౌంటరు ముందున్న వారందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, అవతలివాణ్ణి హిందీలోనే "బాబూ, భోంచేశావా?" అని అడిగారు. వాడు కాస్త తడబడి, లేదన్నాడు. "ముందు తిను. తర్వాత వేరే పని వెతుక్కో" అన్నారు. అందరూ నవ్వారు. తెరుబలి కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన భీమారావు గారు మాత్రం, "ఆడి తల్లికి తెలుసో లేదో, పాపం" అన్నారు.

ఆ రోజే ఝాన్సీలక్ష్మి గారు సభ్యులకు ఒక సులువైన గుర్తు చెప్పారు: "హిందీలో అడిగితే ఫోను కట్టేయండి. మన సంఘం వాళ్లు మన బాసలోనే మాటాడతారు." దీన్ని తమ గొంతుతో రికార్డు చేసి, అందరి ఫోన్లకూ పంపారు.

నిరుడు భీమారావు గారు నవ్వుతూ కౌంటరు దగ్గరకు వచ్చారు.

"అమ్మీ, నువ్వు సెప్పినట్టే ఫోనుకొచ్చిన అంకెలు సెప్పేసేను. పని అయిపోనాదా?"

"నానెప్పుడు అడిగేను, భీమన్నా?"

"పొద్దున్నేగదే. నీ గొంతు నాకు తెల్దేటి?"

గొంతును నకలు చేసే సాధనాలు ఇప్పుడు వచ్చాయని, బహుశా ఆ హెచ్చరిక రికార్డు నుంచే తీసుకుని ఉంటారని పోలీసులు చెప్పారు. భీమారావు గారు తన భార్య పైడితల్లి గారి గుండె ఆపరేషన్‌కు దాచిన సొమ్ము ఎన్నో ఖాతాలు దాటి ఎటు పోయిందో నేటికీ తెలియలేదు. సంఘం ఇచ్చే అప్పు మంజూరై విశాఖ ఆసుపత్రిలో తేదీ దొరికేసరికి ఆలస్యమైపోయింది. ఆషాఢంలో పైడితల్లి గారు కన్నుమూశారు.

అప్పటి నుంచి ఝాన్సీలక్ష్మి గారు సభ్యులెవరికీ ఫోను చేయలేదు. చెప్పవలసిన మాట ఉంటే బస్సెక్కి వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పి వచ్చారు. అలా ఎన్ని గుమ్మాలకు వెళ్లగలరు? రేపు ముఖమూ నకలవుతుందంటున్నారు. కొత్త పాఠమేదైనా చెప్పమని అడిగితే, "నా దగ్గర ఏటీ లేదు" అన్నారు. ఈ సంచిక కోసం మాట్లాడమన్నప్పుడు, "దండేస్తే ఎయ్యండి గానీ, జనాన్ని కాపాడేనని మట్టుకు రాయకండి" అన్నారు. వారి మాట మన్నించి, ఆ వాక్యం రాయడం లేదు.

వారు రక్తపోటు మాత్రలు మరచిపోకుండా వేసుకుంటూ, కంటినిండా నిద్రపోతూ, మనుమల పెళ్లిళ్లు చూసేదాకా చల్లగా ఉండాలని మనందరి ఆకాంక్ష. దీన్ని చదువుతున్న వారికి మరొక్క విన్నపం. మన సంఘం బెంచీ చివర కూర్చుని, తన వంతు వచ్చినా వెనకనున్న వారిని ముందుకు పంపే పైడితల్లి గారిని దయచేసి మరచిపోకండి.