పాట వస్తుందా?

(పోతిరెడ్డిపల్లి. ఆదివారం పగటిపూట. ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన పాత మారుతి వ్యాను. ముందు సీట్లలో వెంకటేశం, అతని భార్య రాధమ్మ.)

"గట్ల కాదు, తిప్పి పెట్టు. వైరు నీ దిక్కు రావాలె."

"తిప్పే పెట్టిన. లోపటికి పోతలేదు."

"జెర గట్టిగ నూకు. ఆ, పోయింది! సూసినవా? టేపుల మామూలు కాసెట్టు వెట్టినట్టే. ఇగ ఈ వైరు కొస నీ చేతుల ఉన్న చిన్న ప్లేయర్‌కు గుచ్చితే, దాంట్లున్న పాటలన్ని బండి స్పీకర్లల్ల వస్తయి."

"నీకెవరు జెప్పిన్రు గిదంత?"

"పటాన్‌చెరుల అమ్మినోడే జెప్పిండు. రేపటిసంది ఆడోళ్లను జిన్నారం కంపెనీకి తోల్కపోవాలె గద. ఆళ్లల్ల అన్నపూర్ణ అప్పుడే అడిగింది, అన్నా, బండ్ల పాటలుంటయా అని."

"ఇంజన్ బంద్ జెయ్యరాదు?"

"ఆఁ?"

"ఇంజన్."

"ఇటు తిరిగి చెప్పు రాధా. కిటికీతోని మాట్లాడ్తవేంది?"

"ఇంజన్ బంద్ జెయ్యమన్న. చప్పుడయితుంది."

"బంద్ జేస్తే బ్యాటరీ దిగుతది, ఉండనియ్యి. గుచ్చినవా?"

"గుచ్చిన."

"ఒత్తు మరి. నడిమిట్ల గుండ్రం బటన్."

"ఒత్తిన."

"ఇగ రావాలె మరి."

"ఏంది, గట్ల సూస్తున్నవ్? పాడుతుంది గద. ఇనవడ్తలేదా?"

"ఎందుకినవడది? ఇనవడ్తుంది. మంచిగ వస్తుంది."

"సౌండు సాల్నా?"

"ఎక్కువే ఉన్నది. జెర తగ్గియ్యి, వాడకట్టోళ్లు లొల్లి వెడ్తరు."

"తగ్గించిన."

"ఆ, ఇప్పుడు సరిపోయింది."

"ఏం పాటది?"

"పాతదే. నీకు దెల్వదా?"

"నాకు యాదికొస్తలేదు. నువ్వు జెప్పు."

"పాటల పేర్లు ఎవలు యాదుంచుకుంటరు?"

"మొగ గొంతా, ఆడ గొంతా?"

"ఇద్దరు పాడుతున్నరు. ఏందే, నాకు పరీచ్చ వెడ్తున్నవా?"

"ఇటు సూడు."

"ఏంది?"

"నా చెయ్యి సూడు. వైరు కొస నా గుప్పిట్లనే ఉన్నది. గుచ్చనే లేదు నేను."

"పరాచికాలా?"

"నవ్వుతున్ననా నేను?"

"అది... ఇంజన్ చప్పుడుల ఏమో ఇనవడ్డట్టయింది. గదే పాటనుకున్న."

"తగ్గించిన అంటే సరిపోయింది అన్నవ్. ఇద్దరు పాడుతున్నరన్నవ్. ఎప్పటిసంది?"

"ఏం ఎప్పటిసంది?"

"చెవులు."

"నా చెవులకేమైంది? నీతోని మాట్లాడ్తలేనా ఇప్పుడు?"

"నా మొఖం సూసుకుంట మాట్లాడ్తున్నవ్. నేను అటు తిరిగితే ఆఁ అంటవ్. పండుకున్నంక పిలిస్తే పలుకవ్. నా మీద కోపమనుకున్న ఇన్నాళ్లు. ఏం తప్పు జేసిన్నో తెల్వక ఏడ్సిన కూడ."

"రాధా, నీ మీద నాకేం కోపముంటది..."

"మరి చెప్పు."

"కంపెనీల ఉన్నప్పటిసంది. ఇనుము కొట్టే మిషిన్ల కాడ గన్నేండ్లు నిలవడితే ఎవనికి మిగుల్తయి? ముందుగాల గుయ్యిమని మోగుతుండె. ఇగ ఎడమది మొత్తమే పోయింది. కుడిది ఉన్నది, కొంచెం."

"డాక్టర్‌కు సూపెట్టినవా?"

"సంగారెడ్డిల సూపెట్టిన. నరం సచ్చిపోయింది, మల్ల రాదన్నడు."

"గది మతిల పెట్టుకొని బండి కొన్నవా?"

"మరేం జెయ్యాలె? చెవిటోడని ఆళ్లు ఎల్లగొట్టకముందే నేనే ఇడిసిపెట్టి వచ్చిన. నాకు వచ్చిన ఇంకో పని డ్రైవింగే."

"తాళం ఇయ్యి."

"పిచ్చి లేసిందా? తెల్లారితే ఆడోళ్లు రోడ్డు మీద నిలవడ్తరు."

"అన్నపూర్ణకు నేను జెప్త. వేరే డ్రైవర్‌ను సూద్దాం. బండి మనదే ఉంటది. నువ్వు పక్కన కూసో."

"నా బండ్ల నేను కిరాయి మనిషి లెక్క కూసోవాల్నా? వాడకట్టంత చెవిటోడు, చెవిటోడు అనాల్నా?"

"అననీ."

"నీకేం, అననీ అంటవ్! అద్దాలున్నయి, రెండు కండ్లున్నయి. లారోడు హారన్ కొట్టకముందే నేను లారీని సూస్త. చెవులున్నోనికంటె పైలంగ తోల్త."

"పైలంగనే తోల్తవ్. కాదంటలేను."

"మరేంది? ఈ బండి కొన్నప్పటిసంది ఎవలికన్న తగిలిచ్చిన్నా? ఒక కోడిపిల్లకు? చెప్పు."

"ఇడిసిపెట్టు."

"ఎందుకిడిసిపెట్టాలె? నోరిప్పు."

"నన్ను అడుగకు. నీకు జెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

"ఎవలు?"

"తాళం ఇయ్యి, సాలు."

"ఎవలు ఒట్టు వెట్టిచ్చుకున్నది, రాధా? నా బండితోని ఒక్కలికి ఆపతి వచ్చిందని సూపెట్టు. ఒక్కలికి! తాళం గిప్పుడే నీ ఒళ్ల పారేస్త. మల్ల స్టీరింగు ముట్ట."

"గట్లయితే నా మొఖం సూడు. మల్ల ఇనవడలే అనకు."

"సూస్తున్న. చెప్పు."

"నిన్న పొద్దుగాల నువ్వు బండి ఎనుకకు తీసినప్పుడు మీ అమ్మ ఎనుక టైరు కాడ వంగి వాకిలి ఊడుస్తుండె."

"నేను సూసిన గద... అద్దంల ఎవలు లేరు."

"వంగి ఉన్నది, అద్దంల యాడ కనవడ్తది? నేను ఆపు, ఆపుమని ఒర్రుకుంట ఉరికిన. బండిని చేతులతోని కొట్టిన. నువ్వు ఆపలే. ఆమె రెక్క వట్టి గుంజేసరికి చీర కొంగు టైరు కింద వడి చినిగింది. నువ్వు ముందలికి తిప్పుకొని వోయినవ్. ఇద్దరం మట్టిల పడి ఉన్నం."

"అమ్మకు... దెబ్బ తగిలిందా?"

"మోచేయి కొట్టుకపోయింది. వానికి జెప్పకు, తెలిస్తే అన్నం ముట్టడు అన్నది."

"ఇగో. బంద్ జేసిన. తీస్కో తాళం... రాధా, అమ్మ ఒర్రలేదా?"

"ఒర్రింది. నీ పేరు వెట్టే ఒర్రింది."