ఖాళీగా వదిలిన గడి

నార్త్ డకోటా, మొక్కజొన్న కోతల కాలం. విశ్వవిద్యాలయంలో ఆవిష్కరణల ఆఫీసు. గుమస్తా వెర్నా, ఆమె బల్ల ముందు ప్రొఫెసర్ స్టెన్‌స్రుడ్.

“వదులుకున్నామా? ఎవరు చెప్పారు వదులుకున్నామని?”

“మనమే సార్. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంచాం కదా.”

“ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాం! కనిపెట్టినదాని మీద హక్కు మీకు కావాలా అని సర్కారు అడుగుతుంది. ఖాళీగా వదిలితే ఇంకా ఆలోచిస్తున్నాం అని అర్థం. ఈ ఆఫీసు పుట్టినప్పట్నించీ అంతే.”

“పాత సిస్టంలో అంతే సార్. వాషింగ్టన్‌లో సర్కారు ఆఫీసులో లొరెట్టా ఉండేది. ఫోన్ చేసి ‘ఏమ్మా వెర్నా, ఇంకా తేలలేదా?’ అనేది. ఇప్పుడు కొత్త సిస్టం. ఖాళీ అంటే అక్కర్లేదని రాసేసుకుంటుంది.”

“లొరెట్టా ఏమైంది?”

“తీసేశారు. సిస్టం వచ్చింది కదా.”

“బాగుంది! సర్కారు డబ్బుతోనే చేశాను, కాదనను. అంతమాత్రాన నా యంత్రాన్ని అటక మీద పడేస్తారా? గాదెలో మనిషి గింజల్లో కూరుకుపోతుంటే, కింద గింజలు తోడే మర దానంతటదే ఆగిపోవాలి. అది చేసేదల్లా అంతే! హక్కు మనదని తేలకపోతే దీన్ని తయారుచేస్తానన్న ఫార్గో కంపెనీ ఒక్క మేకు కూడా కొట్టదు, తెలుసా?”

“తెలుసు సార్. కూర్చోండి.”

“కూర్చోను. ఇవేంటి, నిమ్మకాయ కేకు ముక్కలా?”

“తీసుకోండి. చర్చి ఆడవాళ్ళు మా ఇంటికి తెచ్చారు. చాలా ఉన్నాయి.”

“పుట్టినరోజా?”

“కాదు సార్.”

“వారమంతా ఫోన్ ఎత్తలేదు నువ్వు.”

“సెలవులో ఉన్నాను.”

“సెలవు! ఇక్కడ నా కొంప మునుగుతుంటే ఈవిడకి సెలవు. సరే, ఆ హక్కు మళ్ళీ అడిగితే ఇస్తారా?”

“ఇవ్వొచ్చు. పొద్దున్నే అర్జీ తయారుచేశాను. మీరు ఒప్పుకున్నట్టు ఇక్కడ నొక్కండి, పంపేస్తాను.”

“మరి ఇందాకట్నించీ చెప్పవేం! నొక్కాను. ఎప్పటికి తేలుతుంది?”

“వసంతానికి, తేలితే.”

“అప్పటికి కోతలెక్కడివి? ఈ కోతలకే కొన్ని గాదెలకి బిగించి చూస్తామన్నారు కంపెనీ వాళ్ళు. రైతులు పేర్లిచ్చారు. అందరికంటే ముందు పేరిచ్చినవాడికి నేనేం మొహం పెట్టుకుని చెప్పను?”

“అతనికి చెప్పక్కర్లేదు సార్.”

“చెప్పక్కర్లేదట! నీకు చీమ కుట్టినట్టయినా లేదు, వెర్నా.”

“లేదు సార్. ఏమీ తెలియడం లేదు నాకు.”

“ఏం, అతనికి నువ్వు చెప్పేశావా?”

“చెబుదామనే అనుకున్నాను. అతను మా తమ్ముడు ఆర్లెన్. మర తిరుగుతుండగా గాదెలోకి దిగాడు. శనివారం మట్టి చేశాం.”