తాడు లోపల కాఫీ

హెల్సింకిలో ఒక కళా విశ్వవిద్యాలయం. మే నెలాఖరు, పట్టా విద్యార్థుల ప్రదర్శనలు జరిగే వారం. కింది హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద కేకు, దాని వెనక ఒకావిడ. చుట్టూ అడ్డంగా తాడు, తాడు అవతల నిలబడి చూస్తున్న జనం.

"కూర్చోవచ్చా అండీ?"

"అందుకేగా కుర్చీ వేసింది. రండి, రండి. ఆ తాడు కింద నుంచి దూరి వచ్చేయండి."

"దాటొచ్చో లేదో అని ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఎవరూ దాటట్లేదు."

"ఆ తాడు నేను కట్టలేదు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి ఎవరో కట్టేసి పోయారు."

"అయితే తాడుకిచ్చే మార్కులు మీకు రావన్నమాట."

"మార్కులేంటి?"

"సరదాకన్నాను. నా పేరు యార్మో. తుర్కు ఊరి నుంచి వచ్చాను, ఎగ్జామినర్‌ని. ఇవాళ నేను చూడాల్సిన లిస్టులో మీది లేదు. అయినా కాలు కదల్లేదు."

"నాదేది?"

"ఇదే. ఈ బల్ల, ఈ కేకు, మీరు. అక్కడ చీటీ చదివాను, 'పిర్కో వీడ్కోలు కాఫీ, అందరూ రండి' అని. అందరూ రండి అని రాసి, ఎవరూ రాకుండా అలా ఎదురుచూస్తూ కూర్చోవడం ఉంది చూశారూ, అద్భుతమైన ఆలోచన."

"బాబూ, పిర్కో అంటే నేనే."

"అవునవును, పాత్ర పేరు..."

"పాత్రేంటి, నా పేరే అది. ఇక్కడ విద్యార్థుల ఆఫీసులో పనిచేస్తాను. ఇవాళ రిటైరవుతున్నాను. ఇది కేకు. ఇది కాఫీ. అంతే."

"అంటే..."

"నోరు మూసుకోండి, ఈగ దూరుతుంది."

"నిజంగానా?"

"కోసి పెడతాను, నిజమో కాదో తిని చూడండి."

"మరి వీళ్ళంతా?"

"వీళ్ళంతా ఇందాకట్నుంచీ ఇదే వరస. వస్తారు, చీటీ చదువుతారు, తల ఊపుతారు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. 'రామ్మా, కాఫీ తాగు' అన్నానని ఒకమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అలాగే వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. మొదట్లో నాకూ బోధపడలేదు. తాడు కట్టాక తెలిసింది, నన్నూ ప్రదర్శనే అనుకుంటున్నారని."

"ఇది కళ కాదు మొర్రో అని చెప్పేయాల్సింది."

"చెప్పాను. ఒకతను నోట్సు రాసుకున్నాడు."

"అయ్యో."

"నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. నేనూ నవ్వాను. కాసేపు."

"అయినా ఇక్కడెందుకు పెట్టారండీ, సరిగ్గా ఈ వారంలో?"

"ఇంకెక్కడ పెట్టను? మా కాఫీ గదిని స్టూడియో చేశారు. ఆఫీసులన్నీ కలిపేశాక మాకు సొంత బల్ల కూడా లేదు, పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళది. ఈ హాలు ఎవరికి ఏ రోజో రాసేది నేనేగా, ఇన్నేళ్ళుగా. ఈ మూల ఖాళీగా ఉందని నా పేరు రాసుకున్నా. నా పేరు రాసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఈ వారం ఇక్కడ చీపురు గోడకి ఆనించి పెట్టినా చుట్టూ చేరి చూస్తారని నా బుర్రకి తట్టొద్దూ?"

"మీతో పనిచేసేవాళ్ళు?"

"ఇద్దరు ఇంటి దగ్గర్నుంచే చేస్తారు. ఒకామె సెలవు. మా మేనేజరు ఫోన్లో చప్పట్ల బొమ్మ పంపింది. వెళ్ళిపోయేదీ మనమే, కేకు మోసుకురావాల్సిందీ మనమే. అది సరే, ఎప్పుడూ ఉన్నదే. తినడానికైనా మనిషుండాలిగా."

"నేను తింటాను. పెద్ద ముక్క పెట్టండి."

"పెడతాను. మీరు మంచివారు. కానీ ఇది మీకోసం చేసింది కాదు."

"ఎవరికోసం చేశారు?"

"స్ట్రాబెర్రీలు పుల్లగా ఉన్నాయా? ఇంకా సీజన్ రాలేదు, అందుకే."

"బావున్నాయి. ఎవరికోసం?"

"వదిలేయండి."

"చెప్పండి. ఎలాగూ నేను రేపు తుర్కు వెళ్ళిపోతాను."

"హారియెట్ అని, ప్రొఫెసరు. పాత బిల్డింగులో నా గదీ ఆమె గదీ ఎదురెదురు. రోజూ తలుపు తట్టేది, 'పిర్కో, చచ్చిపోతున్నా, కాఫీ' అని. విడాకులప్పుడు నా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఫైళ్ళు పక్కకి జరిపాను, అంతే. అలా ఉండేవాళ్ళం."

"ఇప్పుడు?"

"ఇప్పుడామె పై అంతస్తు. నా కార్డుకి ఆ లిఫ్టు తెరుచుకోదు. మెయిళ్ళు వస్తాయి. 'పిర్కో, ఈ దరఖాస్తు చూడు.' చూస్తాను. 'థాంక్స్' అంటుంది. అంతే."

"ఇవాళ పిలిచారా?"

"పిలిచాను. 'రాకుండా ఎలా ఉంటాను' అని రాసింది. పోయిన నెలలో."

"మర్చిపోయి ఉంటారు. ఈ వారం వాళ్ళకి ఊపిరాడదు."

"తెలుసు. వాళ్ళ ఊపిరాడని వారాలన్నీ కాగితం మీద పెట్టింది నేనేగా. మిగతావాళ్ళు రాకపోయినా నాకు బాధ లేదు, నిజంగా లేదు. ఆమె ఒక్కతే వచ్చి, కూర్చుని, ఒక కప్పు తాగితే చాలు, ఇక్కడ నేనున్నట్టు లెక్క. రాకపోతే ఏమో. ఉన్నానో లేదో నాకే అనుమానంగా ఉంది."

"అలా అనకండి."

"ఉన్నమాట అన్నాను. ఒంటరిగా అనిపిస్తోంది బాబూ, ఏం దాచను. ఇంట్లో అయితే రేడియో పెట్టుకుంటాను. ఇక్కడ అదీ లేదు, ఇంతమంది చూస్తున్నారు."

"నేను వెళ్ళి పిలుచుకొస్తాను. నాకు ఆమెతోనే మీటింగు."

"వద్దు."

"ఒక్క నిమిషం పని."

"వద్దన్నానా. పట్టుకొస్తే వచ్చినట్టు కాదు. తనంతట తను రావాలి."

"సరే. సరే. కాఫీ ఇంకొంచెం పోయండి."

"ఇంకా తాగుతారా? నాకోసం తాగకండి, రాత్రి నిద్ర పట్టదు."

"పిర్కో గారూ, అటు చూడండి, హారియెట్. పొట్టి జుట్టు, ఎర్ర కండువా."

"జుట్టు పొడుగే ఆమెకి. ఏది? అదిగో... అవును. ఆమే. జుట్టు ఎప్పుడు కత్తిరించుకుందో. ఇటే వస్తోందా?"

"ఇటే. మనల్నే చూస్తున్నారు."

"నా కాలరు సరిగ్గా ఉందా?"

"ఉంది. నవ్వుతూ వస్తున్నారు చూడండి."

"యార్మో, ఇక్కడున్నావా? పైన కమిటీ మొత్తం నీకోసం కూర్చుంది. తాడు లోపలికి వెళ్ళావే, ఇందులో చూసేవాళ్ళు కూడా పాల్గొనాలా?"

"హారియెట్, ఒక్క మాట..."

"ఉండు, చూడనీ. పిల్లలందరి నోటా ఇదే మాట, అందుకే దిగి వచ్చాను. ఎవరిది, ఆఖరి ఏడాది వాళ్ళదా? ఈ నటిని ఎక్కడ పట్టారు?"

"నటి కాదు హారియెట్, ఈవిడ..."

"ఉండవయ్యా. ఆ కళ్ళద్దాల గొలుసు చూడు. కప్పుల చెవులన్నీ ఒకే వైపు పెట్టడం చూడు. అచ్చం మా పిర్కో. ఆఫీసులో ఉంటుంది, నీకు తెలీదులే. చీటీ మీద పేరు కూడా అదే రాశారు, గడుగ్గాయిలు. కాకపోతే పిర్కోకి ఇంత వయసు లేదు. ఆ కూర్చున్న తీరు చూస్తుంటే, ఏంటో, ఏడుపొస్తోంది నాకు. ఆమె చూడాలి ఇది. ఎవరైనా వెళ్ళి పిలుచుకురండి, ఆఫీసులోనే ఉంటుంది."

"అక్కడ ఉండదు హారియెట్, ఇవాళే ఆఖరు రోజు. కూర్చో. కాఫీలో పాలు ఇప్పటికీ పోసుకోవా?"