పాకంతో అతికించిన సందు

జమాలుద్దీన్ కోతలు మొదలెడితే కొట్టు దగ్గర అందరి టీలూ చల్లారాల్సిందే. ఆ శుక్రవారం తాతబ్బాయి మాత్రం నవ్వుకోడానికి రాలేదు. భార్య రుఖియా పోయాక జమాలుద్దీన్ ఒక్కసారైనా ఆమె సమాధి దగ్గరికి వెళ్ళలేదు. ఇవాళైనా ఖబరస్తాన్‌కి తీసుకెళ్దామని వచ్చాడు. బెల్లం మార్కెట్లో ఇద్దరూ ఒకే తోపుడు బండి తోసి బతికినవాళ్ళు.

"మెయిన్‌రోడ్డు జామైపోయిందా, బెల్లం దిమ్మల బండి సందుల్లోంచి లాగించేసేను. లారీ కంటే ముందు మార్కెట్లో ఉన్నాను," అంటున్నాడు జమాలుద్దీన్.

అంతవరకూ నిజమే. వెనక నుంచి తోసింది తాతబ్బాయే.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా? సందు ఇరుకైపోతే భుజంతో రెండేపులా గోడలు నెట్టేసేను. లోపల అట్లేత్తన్న ఆవిడ గోడతోపాటే జరిగింది గానీ అట్టు మాడనివ్వలేదు. ఈ ముక్క చైనా దాకా ఎళ్ళిపోయింది. అక్కడో ఊరు వానపడ్డ సెరుకుతోటలా ఎదిగిపోతంది. పాత సందులు కొట్టేసి, ఏరంత రోడ్లేసేరు. ఎదురింటోడు కనపడతాడు గానీ ఆడికాడికి ఎళ్ళాలంటే ఊరంతా సుట్టాల. ఇంజనీర్లు ఇమానమేసుకొచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు. ఎళ్ళేను. బెల్లం వండే పెద్ద పెనం నిండా పాకం కాసి, తెగిన సందులన్నీ కొసకి కొస అతికించేసేను."

"సీమలు పట్టలేదేటి మామా?" అన్నాడు కొట్టు అయ్యప్ప.

"పట్టవా మరి? దూడలంత సీమలు. ఓ సందుని ఈడ్సుకుంటూ సముద్రం దాటించి మనూళ్ళో పడేసేయి. ఇప్పుడు చైనావోళ్ళు పొద్దున్న కూరగాయలకి ఇటే వత్తన్నారు."

అందరూ పగలబడి నవ్వారు. తాతబ్బాయి నవ్వలేదు. రుఖియా జనాజా మోసిన రోజు గుర్తొచ్చింది. ఊరి సందులన్నీ నాకు కొట్టినపిండి అంటూ జమాలుద్దీనే ముందు నడిచాడు. దగ్గర దారని ఎప్పుడూ బండి తిప్పే పాత సందులోకి మళ్ళించాడు. చివర కొత్త లేఅవుట్ గోడ అడ్డంగా ఉంది, ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలీదు. భుజాల మీద మనిషితో ఆ ఇరుకులో వెనక్కి తిరగడానికి పడ్డ పాట్లు పగవాడికి కూడా రాకూడదు. ఆఖరికి వ్యాన్లో పెట్టి బైపాస్ చుట్టూ తీసుకెళ్ళారు. నా భుజమ్మీదే పంపుతానని ఆమెకి మాటిచ్చిన మొగుడు వ్యాన్లో ఓ మూల కూర్చున్నాడు.

నవ్వులు ఆగాక తాతబ్బాయి మెల్లగా అన్నాడు.

"ఆ పాకం ఓ గరిటెడు మన సందుకి ఉంచుకోలేకపోయేవా బావా?"

జమాలుద్దీన్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అయ్యప్ప తల దించుకున్నాడు. అడగకుండా ఉండాల్సిందని తాతబ్బాయి ప్రాణం ఉసూరుమంది.

"ఆ గోడ అలాగే ఉందేటి?" అన్నాడు జమాలుద్దీన్.

"ఉంది."

"సుట్టు తిరగాల."

"తిరుగుదాం. ఎంత ఆలీసెమైనా రుఖియా సెల్లి ఏటీ అనుకోదు."

జమాలుద్దీన్ తువ్వాలు దులుపుకుని లేచాడు. మలుపు దగ్గర కాళ్ళు అలవాటు కొద్దీ పాత సందు వైపే తిరిగాయి. తాతబ్బాయి భుజం పట్టుకుని బైపాస్ వైపు నడిపించాడు.